గోడ పగులులో విష్ణుక్రాంతం

విష్ణుక్రాంతం పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది. నీలం రంగు. పొద్దున ఎండ తగిలాక విచ్చుకుని, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అది విచ్చుకునే వేళకూ నేను ఆఫీసుకు బయలుదేరే వేళకూ మధ్య పావుగంట ఖాళీ ఉంది. ఆ పావుగంటలో ఒక్క మంచి ఫొటో తీయాలన్నదే ఆ వానాకాలమంతా నా జీవితాశయం. అంతకన్నా పెద్దవి అప్పటికే వదిలేశాను.

దాన్ని కనిపెట్టింది ప్రకృతి ప్రేమతో కాదు. అశోక్‌నగర్‌లో మా అపార్టుమెంటు ప్రహరీ పక్కన బండి తాళంచెవి జారిపడితే వంగాను. గోడ అడుగున సిమెంటు పగిలినచోట నుంచి దారాల్లాంటి కొమ్మలు నేలమీదికి పాకి ఉన్నాయి. వాటికి ఐదారు నీలిపూలు. తాళంచెవి దొరికాక కూడా కాసేపు అలాగే ఉండిపోయాను. ఇది నాకు కొత్త. ఒకచోట కుదురుగా ఉండటం నా ఒంటికి పడదు. చిక్కడపల్లి లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకు చదివిన రోజుల్లో గంటకోసారి టీకి లేచేవాణ్ణి. రెండుసార్లు పరీక్ష తప్పాను. ప్రశ్నపత్రంలో టీ గురించి ఏమీ అడగలేదు.

పువ్వు సంగతి చెబితే మా ఆవిడ నవ్వింది. "మీరు కదలకుండా కూర్చుంటారా? పెళ్ళిపీటల మీద కూడా కాలు ఊపుతూనే ఉన్నారు."

ఆ మాటకు పౌరుషం వచ్చి, నారాయణగూడలో ఒక మొబైల్ దుకాణానికి వెళ్ళి, ఫోనుకు తగిలించుకునే చిన్న లెన్సు కొన్నాను.

"దీంతోని ఏం తీస్తరన్నా?" అన్నాడు దుకాణం అతను.

"పూలు."

"పెండ్లివా?"

"గోడవి."

అతను లెన్సు వంకోసారి, నా వంకోసారి చూసి, "వాపస్ తీసుకోం అన్నా," అన్నాడు.

ఆ లెన్సుతో తీయాలంటే ఫోను పువ్వుకు రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. అంత దగ్గర్లో ఊపిరి వదిలినా పువ్వు ఊగుతుంది. ఊపిరి బిగబడితే నా చెయ్యి ఊగుతుంది. రెండూ నిలిచిన క్షణాన సందులోకి ఆటో వస్తుంది. రెండు వారాల్లో నా ఫోను నిండా నీలిపొగ చేరింది. ఆఫీసులో కూర్చున్నా మనసు గోడ దగ్గరే. పదింటికి ఎండ ఎక్కడి దాకా వచ్చి ఉంటుందో, ఎవరైనా దానిమీద బండి పెట్టి ఉంటారేమోనని కాలు ఊపుతూ లెక్కలు వేసేవాణ్ణి.

కింది ఫ్లాటులో ఉండే ఆంటీ రోజూ ఆ వేళకే పూజకు నందివర్ధనాలు కోయడానికి వచ్చేవారు. పెద్దావిడ, ఒంటరి మనిషి. మొదటిరోజు నన్ను చూసి ఆగారు.

"ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?"

"ఏం లేదాంటీ. ఫొటో తీస్తున్నాను."

"గడ్డిదా?"

అక్కడే నా చదువు అడ్డొచ్చింది. ఇది గడ్డి కాదని, విష్ణుక్రాంతమని, వినాయకుడి ఇరవై ఒక్క పత్రుల్లో ఒకటని వివరంగా చెప్పాను. అది చాలక అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మసక ఫొటో, దానికింద నాలుగు పేరాలు పెట్టాను. ఎవరూ పలకలేదు. ఎవరూ చదవలేదనుకున్నాను.

చవితి ముందురోజు చిక్కడపల్లి బజారులో పత్రి కొన్నాను. ఇరవై ఒకటీ ఉన్నాయా అని అడిగితే, "అన్నీ ఉన్నయ్ సార్, దేవుడు లెక్కపెడ్తడా?" అంది అమ్మే ఆమె. కట్టలో ఎక్కువభాగం మామిడాకులే. మా ఇళ్ళలో దీనికో పద్ధతి ఉంది. దొరకని పత్రి పేరు వచ్చినప్పుడు నాలుగు అక్షింతలు వేసి ముందుకు పోతాం. విష్ణుక్రాంతమంటే నాకు చిన్నప్పటి నుంచీ అక్షింతలే. గోడ దగ్గర అసలుది ఉంది కదా అని ఒక్కసారి కూడా తోచలేదు. అది నాకు ఫొటో మాత్రమే.

చవితినాడు సెలవు. ఎండ బాగా ఉంది, సందులో ఆటోలు లేవు, గాలి లేదు. ఇంతకాలం నేను కాచుకున్న పొద్దు అదే. లెన్సు తగిలించుకుని దిగాను. పగులు శుభ్రంగా ఉంది. కొమ్మలన్నీ మొదలుదాకా గిల్లేసి ఉన్నాయి.

"బిడ్డా, లోపలికి రా!" ఆంటీ గుమ్మంలోంచి పిలిచారు.

మట్టి వినాయకుడి ముందు ఇత్తడి పళ్ళెం. అందులో నా మొక్క. పూలింకా విచ్చుకునే ఉన్నాయి.

"ముప్పై ఏండ్ల సంది దీని పేరొస్తే అక్షింతలే ఏస్తున్న. నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. ఈసారి ఇరవై ఒకటి నిండినయ్ బిడ్డా, నీ పుణ్యమాని." ఆ మాట అంటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "జర ఒక ఫొటో తియ్యి. గ్రూపుల పెట్టు."

పళ్ళెం ముందు కూర్చున్నాను. దీపం ఆరకుండా ఫ్యాను ఆపి ఉంది. పువ్వు కదల్లేదు, నేనూ కదల్లేదు. నూగు వెంట్రుకలతో సహా పడింది, మూలన కాస్త కుంకుమతో. నేను తీసినవాటిలో అంత స్పష్టమైనది మరొకటి లేదు. గ్రూపులో అందరూ చేతులు జోడించారు. నాకు మాత్రం దాన్ని రెండోసారి చూడబుద్ధి కాలేదు.

వేరు మిగిలింది. పది రోజుల వానకు పగులులో బియ్యపుగింజంత ఆకులు రెండు కనబడ్డాయి. అప్పటి నుంచి మళ్ళీ పొద్దున్నే వంగుతున్నాను. మొన్న వెనకనుంచి ఆంటీ గొంతు.

"ఏం ఎతుకుతున్నవ్?"

"తాళంచెవి ఆంటీ."

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని నా పక్కనే వంగారు. "ఇదేంది, చిగురేసినట్టున్నది?"

"గడ్డి ఆంటీ."

ఆవిడ చిగురువంక చూశారు, నావంక చూశారు. తర్వాత బండికి వేలాడుతున్న తాళంచెవి వంక చూశారు.

"సరే. వచ్చే చవితి దాంక గడ్డే అనుకుంట," అని నందివర్ధనాల వైపు నడిచారు.

నా ముందు ఏడాది ఉంది. ఊపిరి బిగబట్టి చూశాను. సందులోకి ఆటో వచ్చింది.