బెనీతా జాన

మా ఊరు విలాపంపలో ఆడపిల్లకు మాటలకంటే ముందు తొక్కడం వస్తుందంటే కోతలు కోస్తున్నాననుకోకండి. మేం పండించి తినే కినోవా గింజకు చేదు పొట్టు ఉంటుంది. గింజను మంగలంలో వేయించి, వేడి చల్లారకముందే రాతి తొట్టిలో పోసి, తెల్లమట్టి చల్లి, గోడ పట్టుకుని ఉత్తకాళ్ళతో తొక్కాలి. అరికాళ్ళు కాలతాయి. కాలనివ్వాలి, వేరే దారి లేదు. బెనీతా కోల్కే ఆ తొట్టిలో నలభై ఏళ్ళకు పైగా తొక్కింది. తన ఇంటికే కాదు, బాలింత ఉన్న ఇంటికి, పెళ్ళివారింటికి, చావు జరిగిన ఇంటికి కూడా ఆవిడ కాళ్ళే దిక్కు.

యాభై తొమ్మిదో ఏట ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. తొట్టిలోకి దిగితే పైకి లాగడానికి ఇద్దరు కావలసివచ్చారు. ఆ ఏడు పండిన పంట మూటల్లోనే ఉండిపోయింది. పక్కింటి హసింతా తన గింజతో జావ కాచి తెచ్చిస్తే, గిన్నె అందుకుంది గాని తలెత్తలేదు. మా ఊళ్ళో ముసలితనాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఎవరికీ అక్కరకు రాకుండా పోయానన్న బెంగ ఉందే, అది మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

"ఇంక నేనెందుకు పనికొస్తానే?" అని అడిగింది బెనీతా.

"నన్ను తిట్టడానికి పనికొస్తావు. తాగు ముందు," అంది హసింతా.

ఆ చలికాలంలోనే ఒరూరో పట్నం నుంచి నిల్దా అనే అమ్మాయి వచ్చింది. ఎవరి పనిముట్లు వాళ్ళే ఊహించి తయారు చేసుకోవడం నేర్పుతానంది. బడిగదిలో బెనీతా, హసింతాతో కలిపి ఏడుగురు ఆడవాళ్ళు, ఊరిపెద్ద సెవెరో చేరారు. ఇదివరకు వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని చక్కాపోయారు, ఈ పిల్లా అంతేలే అనుకున్నారు. నిల్దా మాత్రం అట్టముక్కలు, కత్తెరలు, జిగురు పంచిపెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

"నేనేమీ చెయ్యను. మీ ప్రాణం తీసే పనేదో చెప్పండి. దానికి పనిముట్టు నమూనా మీరే అట్టతో చెయ్యాలి."

"మాకు చదువే రాదు తల్లీ," అంది బెనీతా.

"చదవమనలేదుగా పిన్నీ. ఎలా తొక్కుతావో చూపించు."

ఇద్దరు పట్టుకుని ఆవిణ్ణి తొట్టిలోకి దించారు. ఆ చదువుకున్న పిల్ల దుమ్ములో బోర్లా పడుకుని ఆవిడ పాదాలనే చూసింది. చివరికి గబుక్కున లేచి కూర్చుంది.

"పిన్నీ, నువ్వసలు తొక్కడమే లేదు! మడమతో తిప్పుతున్నావు!"

బెనీతా తన పాదాలను తానే కొత్తగా చూసుకుంది. నలభై ఏళ్ళుగా తను చేస్తున్నది అదని ఆవిడకే తెలియదు.

అయితే అలా తిప్పే యంత్రమే చేద్దామనుకున్నారు. తొట్టి లోపల ఇరుసుకు ఇనుప రేకులు పెట్టి తిప్పుదామన్నాడు సెవెరో. బెనీతాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇనుము గింజను విరగ్గొడుతుందన్నా! మడమలా మెత్తగా ఉండొద్దూ?" అంటూ కాలికున్న టైరు రబ్బరు చెప్పు విప్పి, అంచు కోసి, అట్టతో చేసిన ఇరుసుకు అంటించింది. అట్టపెట్టెలో గుప్పెడు గింజలు పోసి ఇరుసు తిప్పితే, అవి మడమ కింద దొర్లినట్టే దొర్లాయి. హసింతా పెట్టె లాక్కుని తనూ తిప్పి చూసింది.

ఇక అసలుది చెయ్యాలి. చెక్క తొట్టి, ఇరుసు, దానికి టైరు ముక్కలు, కూర్చుని చేత్తో తిప్పడానికి పాత సైకిలు చక్రం. మా నేలమీద చెట్టన్నది లేదు. బడిలో విరిగిన బల్లలే గతి. ఏడుగురూ చెక్కలు పంచుకున్నారు. పొడవు అయిదు జానలు, వెడల్పు రెండు. ఎవరింట్లో వాళ్ళు కోసుకుని ఆదివారం తెచ్చారు.

ఒక్కటీ ఇంకొకదానితో కలిస్తే ఒట్టు. ఒకటి బెత్తెడు పొడుగు, ఒకటి వేలెడు పొట్టి.

"అయిదు జానలన్నారుగా, నేను సరిగ్గానే కోశాను!"

"నేనూ అయిదే! నీ చెయ్యా, లామా డెక్కా?"

ఎవరి జానతో వాళ్ళు కోశారు మరి. నవ్వి నవ్వి అలిసిపోయాక నిల్దా సంచిలోంచి టేపు తీసింది. సెవెరో అడ్డుపడ్డాడు.

"అది నీతోపాటు వెళ్ళిపోతుందమ్మాయ్. రేపు యంత్రం విరిగితే కొత్త చెక్క దేంతో కొలవాలి? ఊళ్ళో ఉండే చెయ్యి కావాలి."

ఎవరి చెయ్యి? చెక్కను కోసి తగ్గించగలం గాని లాగి పెంచలేం. అందుకే అందరికంటే చిన్న చెయ్యి కావాలి. ఒకరి అరచేతికి ఒకరు ఆనించి చూసుకుంటే తేలింది, బెనీతాది. ఆవిడ సిగ్గుపడుతుంటే ఆ చేతిని చెక్కపలకమీద పరిచి బొగ్గుతో చుట్టూ గీశారు. దాని ప్రకారం చెక్కలన్నీ మళ్ళీ కోశారు. ఈసారి సందు లేకుండా కూర్చున్నాయి.

యంత్రం బిగించాక, ఆనవాయితీ ప్రకారం నేలతల్లికి కాస్త సారా ఒలికించి, కోకా ఆకులు పెట్టి, వేయించిన గింజ పోశారు. బెనీతా పీటమీద కూర్చుని చక్రం తిప్పింది. రాతి తొట్టిలో పూట పట్టే పని కాసేపట్లో అయిపోయింది. చెరిగి చూస్తే గింజ ముత్యంలా ఉంది, ఒక్కటీ విరగలేదు. ఆవిడ నాలుగు గింజలు కొరికి, ఇంకో నాలుగు నోట్లో వేసుకుంది.

"చేదు లేదు," అంది చివరికి, ఎవరో చనిపోయిన మనిషి లేచి వచ్చినంత ఆశ్చర్యంగా.

వార్త మా ఊరి అంచున ఉన్న ఉప్పు మైదానం దాటింది. బెనీతా పుట్టి బుద్ధెరిగి ఆ మైదానం దాటలేదు. అవతలి ఊళ్ళ నుంచి ఆరుగురు ఆడవాళ్ళు లారీ ఎక్కి వచ్చి, యంత్రమంతా తడిమి చూసి, ఉన్నిదారాలు బయటికి తీశారు.

"పిన్నీ, ఒకసారి నీ చెయ్యి ఇస్తావా?"

ఆవిడ పావడాకు చెయ్యి తుడుచుకుని వేళ్ళు చాపింది. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా దారం పెట్టి ఒక్కొక్కరూ ముడి వేసుకున్నారు. ఆరు ఊళ్ళకు ఆరు దారాలు.

"అయిపోయింది పిన్నీ, చెయ్యి తీసెయ్."

బెనీతా తియ్యలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి.

"ఇంకోసారి కొలుచుకోండమ్మా," అంది. "మళ్ళీ కొలుచుకోండి. నాకేం తొందర లేదు."