లోపలి జేబు

నలభై ఏళ్లుగా అదే మిషను తొక్కుతున్న టైలరమ్మకు సినిమావాళ్లు రెండు గౌన్లు కుట్టే పని ఇచ్చారు. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడే ఇద్దరు ఆడపిల్లలు, తమ స్నేహాన్ని విడదీస్తోందని ఒకరి తల్లిని రాయితో కొట్టి చంపిన నిజం కథే ఆ సినిమా.

గౌన్లు చూసుకుంటున్న సినిమా అమ్మాయి చెయ్యి ఒకచోట ఆగింది.

“ఈ లోపలి జేబు మేం చెప్పలేదే?”

టైలరమ్మ ఆ జేబులోకి వేళ్లు పోనిచ్చి చూసింది. చేతులు వాటంతట అవే కుట్టేశాయి. ఆనాడు ఆ పిల్లలిద్దరూ ఈ మిషను ముందే నిలబడి అడిగి కుట్టించుకున్న జేబు.

“ఇంత లోతు జేబులో ఏం పెడతారమ్మా?” అని అడిగింది అప్పుడు.

“రాయి,” అన్నారిద్దరూ ఒకేసారి, పకపకా నవ్వుతూ.

టైలరమ్మా నవ్వింది. నవ్వి, గట్టిగా ఉండాలని ఇంకో వరస కుట్టు వేసింది.