కిటికీ మూయనన్న మనిషి

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోయే బస్సులో కలిసిన ఒకామె ముచ్చట చెప్తాను.

నాకు రొమ్ము ఆపరేషన్ అయిన మరుసటేడు అది. గడ్డ తిరిగి రాకుండా రోజూ ఒక గోలీ వేసుకోమన్నారు డాక్టర్లు. వేసుకుంటే ఒళ్లంతా ఆవిర్లు. "కోసి తీసేసినంక గోలీ ఎందుకు వదినా" అని ఆడబిడ్డ అంటే, నిజమే అనుకుని మానేశాను.

ఆ పొద్దున బస్సులో చలికి అందరం కొంగులు కప్పుకుని ఉంటే, నా పక్కనామె కిటికీ మొత్తం తెరిచింది. వెనుక సీటు పెద్దాయన "ఏందమ్మా, మమ్ముల సంపుతవా? మూసెయ్యి" అన్నాడు.

"మూయ కాకా. నాకు రొమ్ము క్యాన్సర్. గోలీకి ఒళ్లు మండుతది, జరసేపు గాలి రానీ" అందామె, బస్సంతా వినేటట్టు. మా దిక్కు ఆ పేరు చెవిలో కూడా చెప్పుకోరు, 'ఆ రోగం' అంటారంతే. పెద్దాయన మఫ్లర్ చెవులకు బిగించుకున్నాడు.

"నాదీ అదే. నేను గోలీ బంద్ జేసిన" అన్నాను మెల్లగా.

"ఎందుకు బంద్ జేసినవక్కా? మన ఒంట్ల ఊరే హార్మోనే గా గడ్డకు తిండి. గోలీ గా తిండి అందనియ్యదు. ఆపరేషనప్పుడు నా గడ్డ ముక్కను పరిశోధనకు ఇస్తవా అని డాక్టరమ్మ అడిగింది. ఒంట్లకెళ్లి తీసింది మట్టిల పెట్టాలెనని మా అత్త ఒకటే లొల్లి. ఇచ్చేసిన. నన్ను తిన్నదానికి నేనెందుకు మట్టి చెయ్యాలె? అదేం తిని బతికిందో వాళ్లు సూడనీ. ఇంకో ఆడిదానికన్న అక్కరకొస్తది."

సుల్తానాబాద్‌లో ఆమె దిగిపోయింది. పేరు అడగలేదు.

డాక్టరుకు చెప్పి గోలీ మళ్లీ మొదలుపెట్టాను. ఆడబిడ్డ సణిగితే, "నాకు రొమ్ము క్యాన్సర్. గోలీ ఆపను" అని మొదటిసారి పేరు పెట్టి చెప్పాను.

మీ ఇంటి ఆడవాళ్లు ఏ నొప్పినీ దాచుకోకుండా నిండుగా బతకాలి, మీ ఇల్లు చల్లగుండాలి.