పొట్ట లేని తెరచాప

అది 2023 మార్చి. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో మాకో పట్టాల దుకాణం ఉంది. పట్టా అంటే కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద వాన పడకుండా కప్పే టార్పాలిన్. ప్లాస్టిక్ పట్టాలను ఇప్పుడు వేడితో అతికించేస్తున్నారు గానీ, మందపాటి బట్ట పట్టాలను మాత్రం కుట్టాల్సిందే. ఆ కుట్టు నాది. అంచుల్లో తాడు దూర్చడానికి ఐలెట్లు, అంటే ఇత్తడి రింగులు, కొట్టే పని మా ఆయనది.

మా నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది. మిషను ముందు కూర్చోబెట్టిన రోజున ఆయన చెప్పింది ఒక్కటే మాట. "అమ్మాయ్, పట్టాకి పొట్ట రాకూడదు." పరిచినప్పుడు గుడ్డ ఎక్కడైనా వదులై కిందికి దిగితే దాన్ని మేం పొట్ట అంటాం. పొట్టలో వాననీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు కుట్లలోంచి కారతాయి, తడిసిన కాయ తెల్లబడి తాలవుతుంది. ఆ తర్వాత రైతు మా దుకాణం ముందుకొచ్చి మా ఏడు తరాలనూ తలుచుకుంటాడు.

నా పట్టాకు పొట్ట వచ్చిందని అన్నవాడు ఇంతవరకూ లేడు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. నాకంటే బాగా కుట్టేవాళ్ళంటే నాకు పడదు, అది కూడా ఇప్పుడే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎదురు వరసలో ఎవరైనా కొత్త మిషను దించారంటే ఆ పూట నాకు అన్నం సయించదు. "నీకు కుట్టు కంటే కుళ్ళెక్కువే నాగమణీ" అంటాడు మా ఆయన. అననీ.

ఆ మార్చిలో రోజూ మబ్బు పట్టేది. కాయలు కల్లాల్లో ఉన్నాయి, రైతులు పట్టాల కోసం మా గుమ్మం అరగదీస్తున్నారు. అంత రద్దీలో ఒక మధ్యాహ్నం కారు మీద పొడుగాటి సంచీ కట్టుకుని ఒక పెద్దాయన దిగారు. పేరు జనార్దనరావు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారట. బ్రాడీపేటలో టెంట్లు కుట్టేవాళ్ళెవరో నా పేరు చెప్పి పంపారట. సంచీ విప్పి తెల్లటి గుడ్డ పరిచారు. దాన్ని సగం పరచడానికి కూడా మా దుకాణంలో చోటు చాల్లేదు.

"ఇది తెరచాపమ్మా. పడవది."

"చేపల పడవకాండీ?"

"కాదు. సముద్రాలు దాటే పడవ. నేనే కట్టాను."

నేను మా ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వాపుకున్నాం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కొత్తపట్నం దగ్గర స్థలం కొనుక్కుని, షెడ్డు వేసి, పదేళ్ళకు పైగా శ్రమపడి కట్టారట. రెండుసార్లు సముద్రంలోకి తీసుకెళ్ళొచ్చారు. తర్వాత గుండెకు ఆపరేషనైంది. ఇక సముద్రం మాటెత్తొద్దన్నాడు డాక్టరు. అమ్మకానికి పెట్టారు.

"విశాఖపట్నం నించి డాక్టర్లు, భార్యాభర్తలు, ఆదివారం చూడ్డానికొస్తున్నారమ్మా. దాంట్లో దూరం వెళ్ళాలని వాళ్ళ కోరిక. తీరా చూస్తే ఈ తెరచాపని ఎలుకలు కొట్టేసినై. బొంబాయిలో అడిగితే నెలపైన పడుతుందన్నారు."

"వాళ్ళు కాకపోతే ఇంకొకరు కొంటారు లెండి."

"ఇంకొకడున్నాడు. రిసార్టు పెట్టాడు. గడ్డిలో సిమెంటు దిమ్మ కట్టి పడవను పైన నిలబెడతాడట. లోపల టేబుళ్ళేసి బిర్యానీ వడ్డిస్తాడట." ఆయన గుడ్డ అంచును చేత్తో సరిచేశారు. "వీళ్ళు వద్దంటే వాడికిచ్చేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. ఎలుకలు తినేకంటే మనుషులు తినడం నయం కదా అంటుంది."

అప్పుడు గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. డాక్రాన్ అనే రకమట, తెరచాపల కోసమే నేస్తారు. సాగదు, ఎండకు తట్టుకుంటుంది. పొడుగాటి ముక్కలు పక్కపక్కన పేర్చి జిగ్‌జాగ్ కుట్టుతో కలిపారు. ఆ కుట్టు చూశాక నవ్వు పోయింది. సూది దిగిన చోటల్లా ఒకే లోతు, ఒకే ఎడం. ఎక్కడా దారం బిగుసుకోలేదు, ఎక్కడా వదల్లేదు. మూలల్లో ఆరేడు పొరలున్న చోట కూడా వరస తప్పలేదు. అంత మందంలో నా మిషనే మొరాయిస్తుంది.

"ఎవరు కుట్టారండీ దీన్ని?"

"తెలిసినవాళ్ళేలే" అని చిన్నగా నవ్వారాయన.

ఏ ఫారిన్ వాడో అయ్యుంటాడనుకున్నాను. ఏసీ గదిలో, లక్షల మిషను మీద, తీరిగ్గా కుట్టుంటాడు. వచ్చి మార్చిలో మా రేకుల కింద కూర్చుని కుట్టమనండి, చూద్దాం.

ఎలుకలు పాడు చేసింది మధ్యలో రెండు ముక్కల్ని. వాటిని విప్పి, ఆయన తెచ్చిన కొత్త గుడ్డతో మళ్ళీ వేయాలి. విప్పుతుంటే కనిపించింది. ఒక ముక్క మీదికి ఇంకో ముక్క ఎక్కిన వెడల్పు అంతటా ఒకేలా లేదు. చివర్లలో బొటనవేలంత ఉంటే, మధ్యకు వచ్చేసరికి చిటికెన వేలంతే. దొరికావురా అనుకున్నాను. అంత సంతోషం ఈ మధ్య కాలంలో పడలేదు. మా దుకాణంలో నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా అతుకు అంతటా సమానంగా వేస్తుంది. అలా వేయకపోతే గుడ్డకు పొట్ట వస్తుంది మరి.

"ఆయన్నోసారి అడగవే" అన్నాడు మా ఆయన.

"అడిగేదేముంది, తప్పు తప్పే. ఎంత ఫారినోడైతే మాత్రం?"

రెండు ముక్కలూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కోశాను. అతుకు మొదటి నుంచి చివరి వరకూ ఒకే వెడల్పు. నేల మీద పరిచి చూస్తే ఎక్కడా ముడత లేదు. నా ముక్కల పక్కన ఫారిన్ వాడి ముక్కలు కొంచెం ఉబ్బి కనిపించాయి. చాలా బాగుందనుకున్నాను.

శుక్రవారం తెరచాప కోసం జనార్దనరావు గారు కారు పంపించారు. సీజన్లో దుకాణం వదిలి పోతావా అని మా ఆయన సణిగాడు. ఒక్క రోజుకి నీ ఐలెట్లేం చిలుం పట్టవులే అని బయల్దేరాను. ఆ పడవేమిటో చూడాలి నాకు.

కొత్తపట్నంలో వాళ్ళ షెడ్డు బయట, పడవ ఇనుప కాళ్ళ మీద నిలబెట్టి ఉంది. నేను దాని కింద నిలబడితే నా తల దాని కడుపుకు తగల్లేదు. అడుగున కీల్ అని బరువైన రెక్క ఉంది, గాలికి పడవ ఒరిగిపోకుండా అదే పట్టి ఉంచుతుందట. నిచ్చెన ఎక్కి లోపలికి దిగాను. అంతా టేకు చెక్క. మంచాలకు అంచులు కట్టారు, అలలొచ్చినా మనిషి దొర్లి పడకుండా. స్టవ్వును ఊయలలా ఊగేట్టు బిగించారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం తిన్నగా నిలబడుతుందట. గరిటెకో కొక్కెం, గ్లాసుకో గుంట, ఉప్పు డబ్బాకో అర, ఆ అర తెరుచుకోకుండా గొళ్ళెం. మా వంటింట్లో గరిటె తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టమని మా ఆయన్ని ఎన్నేళ్ళుగా అడుగుతున్నానో ఆ దేవుడికే ఎరుక. ఇక్కడ ఇంకా ఎవరూ కాపురం పెట్టని ఇంట్లో ఇన్ని అరలు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పైకొచ్చేసరికి జనార్దనరావు గారి భార్య విశాలాక్షి గారు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, అందరూ టీచరు గారనే పిలుస్తారు. కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. ఎడమ చేత్తోనే నాకు మజ్జిగ గ్లాసందించారు.

జనార్దనరావు గారు, షెడ్డులో పనిచేసే మనిషి కలిసి తెరచాప ఎక్కించారు. సముద్రం మీంచి మెల్లగా గాలి వస్తోంది. పైభాగం నిండింది, కింది భాగం నిండింది. మధ్యలో నేను వేసిన రెండు ముక్కలు మాత్రం పటపటా కొట్టుకుంటున్నాయి. జనార్దనరావు గారు తాడు బిగించారు, వదిలారు, మళ్ళీ బిగించారు. అయినా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆయన మొహంలో రంగు పోయింది.

టీచరు గారు కళ్ళజోడు సర్దుకుని పైకి చూశారు.

"దాని పొట్ట ఏదమ్మా?" అన్నారు.

నాకర్థం కాలేదు. "పొట్ట రాకుండానే కుట్టానండి" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఎందుకు రాకుండా?"

"పొట్టొస్తే నీళ్ళు నిలుస్తాయి కదండీ."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఇది నీళ్ళకి కాదమ్మా, గాలికి. గాలి నిలవడానికి చోటు లేకపోతే పడవ కదలదు. ఆ అతుకులు చివర్లలో వెడల్పుగా వేసింది మధ్యలో గుడ్డ ఉబ్బడానికే. బ్రాడ్ సీమ్ అంటారు. ఆ వంపులోనే ఉంది తెరచాపంతా."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఆ ఫారిన్ వాడి ముందు ఓడిపోయాను, వాడక్కడ లేకపోయినా. ఎల్లుండే ఆదివారం. వాళ్ళొచ్చి ఈ పటపటా వింటే వెనక్కి తిరిగి పోతారు. జనార్దనరావు గారు పడవ పక్కన చెయ్యానించి నిలబడ్డారు. ఆ నిలబడ్డం చూడలేకపోయాను.

"మిగిలిన గుడ్డ కొంత వెంట తెచ్చానండీ, మళ్ళీ వేస్తా. కానీ ఆ వంపు ఎంతో నాకు తెలీదు. కుట్టినాయన నంబరుందా?"

"నంబరెందుకు, కుట్టింది నేనే" అన్నారు టీచరు గారు. "భుజం బాగుంటే నీదాకా ఎందుకు వచ్చేవాళ్ళం?"

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లారాక, షెడ్డు పక్కనే ఉన్న వాళ్ళింటి వరండాలో ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ నేల మీద మేకులు కొట్టించి, వెదురు బద్దను వాటి మధ్య వంచి, ఆ వంపు వెంట పెన్సిలుతో గీయమన్నారు. ఎక్కడ ఎంత వంచాలో ఆవిడ నోటి లెక్క. నేను గీసి, కోసి, కుట్టాను. ఆవిడ మిషను మామూలు కాలి మిషనే. ఇలాంటివి మా వీధిలో పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుని ఉంటాయి.

"ఇంత పని ఎందుకు పెట్టుకున్నారండీ? కొనుక్కోలేకనా?" అని అడిగాను.

"కుళ్ళు" అన్నారావిడ.

సూది ఆపి ఆవిడ మొహం చూశాను.

"అవునమ్మా. రిటైరయ్యాక ఇద్దరం తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం అనుకున్నా. ఆయన లేచిన దగ్గర్నించీ దాని పక్కనే. దాని చెక్కలకి నూనె రాస్తుంటే కిటికీలోంచి చూసేదాన్ని. నా కాళ్ళు లాగుతున్నాయంటే ఒక్కనాడన్నా రాశారా? తిట్టాను, మాట్లాడ్డం మానేశాను. సవతి కదిల్తేగా. అప్పుడన్నాను, సరే, దాని చీర నేనే కుడతానని. నా చేతి గుడ్డ కట్టుకోకుండా అది గడప దాటడానికి వీల్లేదు."

ఆ మాటతో ఆవిడ మీదున్న కుళ్ళు కాస్త తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, ఆ మూలల్లో కుట్టు అలాంటిది మరి.

ఆదివారం డాక్టర్లొచ్చారు. ఆమెది నా ఈడే. జీన్స్ వేసుకుని నిచ్చెన చకచకా ఎక్కేసింది. గొళ్ళేలు తెరిచి చూసింది, స్టవ్వు ఊపి చూసింది, మంచం మీద పడుకుని చూసింది. ముందు అండమాన్ అట, ఆ తర్వాత శ్రీలంక, ఆ తర్వాత ఎటు గాలి తీసుకెళ్తే అటు. పిల్లల్ని గానీ ఎవర్ని గానీ అడగాల్సిన పని ఉన్నట్టు ఎక్కడా మాట రాలేదు. నేను గుంటూరు నుంచి కొత్తపట్నం రావడానికి ఎన్ని మాటలు పడ్డానో గుర్తొచ్చింది.

తెరచాప ఎక్కించారు. ఒకసారి కొట్టుకుంది, రెండోసారి కొట్టుకుంది. తర్వాత పై నుంచి కింది దాకా ఒకే వంపుగా నిండి, చప్పుడు మానేసింది. ఇనుప కాళ్ళ మీదున్న పడవ ముందుకు లాగుతున్నట్టు చిన్నగా కిర్రుమంది. జనార్దనరావు గారు వెంటనే తాడు వదలమన్నారు, దూకుతుందేమోనని. డాక్టరమ్మ మొగుడి వైపు చూసి తలూపింది. అంతే, అయిపోయింది.

"తెరచాప ఎవరు చేశారండీ?" అని అడిగిందామె.

"మేమిద్దరం" అన్నారు టీచరు గారు, నా వైపు చూపిస్తూ. నాది రెండు ముక్కలే అని చెప్పాలనుకున్నాను గానీ నోరు రాలేదు.

తర్వాతి వారం ట్రైలరొచ్చి పడవను తీసుకెళ్ళింది. మా దుకాణంలో ఇంకా మిగిలున్న గుడ్డ ఇవ్వడానికని ఆ వేళకు నేనూ వెళ్ళాను. ట్రైలరు మలుపు తిరిగేదాకా టీచరు గారు గేటు దగ్గరే ఉన్నారు. తిరిగొస్తుంటే ముక్కు ఎర్రగా ఉంది.

"సవతి పోతుంటే ఎవరైనా ఏడుస్తారా మణీ?" అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. లోపలికెళ్ళేసరికి జనార్దనరావు గారు నూనె సీసా చేత్తో పట్టుకుని, కాళ్ళిటు పెట్టమని ఆవిడకు పీట చూపించారు.

ఇప్పుడు మా దుకాణానికి ఎవరు గుడ్డ తెచ్చినా, కొలతల కంటే ముందు నేనడిగేది ఒకటే. "ఇది ఏం మొయ్యాలండీ?" పట్టా నీళ్ళను మొయ్యకూడదు, తెరచాప గాలిని మొయ్యాలి. మా నాన్న చెప్పింది తప్పు కాదు, అది పట్టా మాట. అన్ని గుడ్డలకూ ఆ మాటే అనుకోవడం నా పొరపాటు.

ఆ తర్వాత చలికాలంలో డాక్టరమ్మ ఫోన్లో ఒక ఫోటో పంపింది. అండమాన్ దగ్గరట. చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. తెరచాప నిండుగా ఉంది. పెద్దది చేసి చూస్తే మధ్యలో నా రెండు ముక్కలు కనిపించాయి, మిగతావాటి కంటే కొంచెం తెల్లగా, పొట్టలు నింపుకుని. మా ఆయనకు చూపించాను. "ఇంకేం, నీ కుట్టు సముద్రాలు దాటింది, సంతోషమేగా?" అన్నాడు.

సంతోషమే. కానీ నేనింతవరకూ సూర్యలంకలో మోకాళ్ళ లోతు దాటి సముద్రంలోకి దిగలేదు. నా చేతి కింది నుంచి వెళ్ళిన గుడ్డ ముక్కలు, నన్నొక్క మాట అడక్కుండా, అండమాన్ చూసొస్తున్నాయి. ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ కుట్టు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు నా కుట్టు మీదే నాకు కుళ్ళు.