తిరుగు సారె

నా చిన్నప్పుడు అమలాపురంలో మా వీధికి చెత్తబుట్టతో పనే ఉండేది కాదు. ఇళ్ళ వెనకాలే కాలువ. ఊడ్చిన తుక్కు, తెగిన చెప్పు, పెళ్ళిలో మిగిలిన ఎంగిలి విస్తళ్ళు, ఏదైనా సరే పెరటి తలుపు తీసి ఒక్క విసురు. "కాలువ పట్టుకుపోతుందిలే" అన్నది మా వీధి మొత్తానికీ ఊతపదం. ఎక్కడికి పట్టుకుపోతుందే అని అడిగితే మా అమ్మ "కిందకి" అనేది. ఆ కింద ఏముందో ఎవరూ చెప్పలేదు. సముద్రం కాబోలు అనుకునేదాన్ని.

ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. పైన లాకుల దగ్గర నీళ్ళు ఆపేస్తే మా కాలువ అడుగు బయటపడి, పగుళ్ళిచ్చి బోసిపోయేది. అయినా మావాళ్ళ చేతులు ఆగితేనా! ఎండిన కాలువలోకే విసిరేవారు. క్యారీబ్యాగులు ఇంటింటికీ పాకిన రోజులవి. మళ్ళీ నీళ్ళు వదిలే నాటికి పెరళ్ళ వెనకాల చెత్త గుట్టలు పడేది. నీళ్ళొచ్చిన మర్నాటికి అంతా శుభ్రం. గుట్టలన్నీ కదిలి ఊరేగింపులా వెళ్ళిపోతుంటే మేం పిల్లలం గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది కానీ, అప్పుడు మాకదో పండగ.

మా ఎదురింటి అత్తయ్యగారికి ఒక్కతే కూతురు. నాకు సొంత అక్క లేని లోటు ఆ అక్కే తీర్చింది. జడ వేసినా, ఎక్కాలు చెప్పినా, నెత్తి మీద మొట్టినా ఆవిడే. ఆ అక్కని మా కాలువ చివర, ఉప్పుగాలి తగిలే ఊళ్ళో ఇచ్చారు. పెళ్ళయిన రెండో వేసవికి అక్కకి ఏడో నెల. అత్తయ్యగారు సారె తయారుచేయించిన ఆ వారమంతా మా వీధి నేతి వాసనే. కాజాలు, లడ్డూలు, మైసూర్‌పాకు తట్టల్లోకి సర్దారు. చలిమిడి మాత్రం వంటవాళ్ళ చేతికివ్వకుండా ఆవిడే పాకం పట్టారు. కూతురి కడుపు చల్లగా ఉండాలంటే చలిమిడి తల్లి చేత్తోనే కలపాలట.

నన్నూ తీసుకెళ్తానన్నారు. ఇంకేం, నేను నేల మీద నిలిస్తే ఒట్టు. వ్యానులో లడ్డూ తట్టకీ అరటి గెలకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అంతకు ముందు రోజే లాకులెత్తారు. దారి పొడవునా కాలువ మా పక్కనే ఎర్రగా పారుతోంది. ఒక వంపు దగ్గర నీళ్ళలో పచ్చ ప్లాస్టిక్ బిందె కనిపించింది. చిల్లి పడితే మా అమ్మ అట్లకాడ కాల్చి మాటేసిన బిందె, ఆ నల్ల మచ్చతో సహా! "అత్తయ్యగారూ, మా బిందె! మనతోపాటే వస్తోంది!" అని కేకేశాను. ఆవిడ నవ్వారు. అదే ఆ రోజుకి ఆఖరి నవ్వు.

ఆ ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి కాలువ గట్టున జనం. కాలువ నుంచి మంచినీళ్ళ చెరువులోకి నీళ్ళు పెట్టే తూము దగ్గర చెత్త గడ్డకట్టినట్టు అడ్డం పడి ఉంది. మగవాళ్ళు వెదురు గెడలతో లాగుతున్నారు. అక్క భర్త కూడా మొలలోతు నీళ్ళలో ఉన్నాడు. మొదటి నీళ్ళు వదిలేసి తేటనీళ్ళు పట్టుకుందామంటే, వేసవంతా తాగేసిన చెరువులో అడుగు తేలిపోయి ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఎదురు చూస్తున్నారు. మా వ్యాను ఆగిందో లేదో, ఒక ముసలావిడ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంది. "ఆయ్, ఇప్పుడొచ్చేరా అండీ! మీ ఊరి సారె పొద్దున్నే వచ్చేసిందండి. పంచలేక చస్తన్నాం!"

గట్టంతా ఘొల్లున నవ్వింది. అత్తయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వబోయి, నవ్వలేక లోపలికి వెళ్ళిపోయింది.

వియ్యపురాలు చాలా మర్యాదస్తురాలు. మర్యాదతో కోస్తే తెలియకుండా తెగుతుంది. "ఆళ్ళ మాటలకేం గానీ, మంచినీళ్ళు పుచ్చుకోండి వదినగారూ. కాచి వడగట్టేం లెండి" అంటూ గ్లాసు అందించారు. అత్తయ్యగారు గ్లాసు అందుకుని పక్కన పెట్టేశారు.

పెరట్లో నేను అక్క చెయ్యి పట్టుకుని ఉండగానే తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. కిందటేడు మొదటి నీళ్ళు తాగి ఊరు ఊరంతా వాంతులూ విరేచనాలతో పడిందట. అక్క కూడా మంచం ఎక్కిందట. పుట్టింటివాళ్ళు బాధపడతారని చెప్పలేదట. "అప్పట్నుంచీ నన్ను పేరెట్టి పిలవరమ్మా, సారెమ్మ అంటారు. అననీ, పడతాను. కానీ ఈసారి కడుపులో బిడ్డుంది. ఆ నీళ్ళు చూస్తే నాకు భయమేస్తోందే" అని అక్క ఏడ్చింది. కింద ఉన్నది సముద్రం కాదు, మా అక్క అని నాకప్పుడు తెలిసింది.

సారె ఊరంతా పంచారు. మా వైపు సారె తెచ్చిన తట్టలు ఖాళీగా వెనక్కి పంపరు. వియ్యపురాలు బియ్యం, కొబ్బరికాయలు తెచ్చి తట్టల్లో పెట్టబోయారు. అత్తయ్యగారు అడ్డం పడ్డారు. "వద్దండి వదినగారూ. నేను నింపుకుంటాను."

తట్టలు తీసుకుని తిన్నగా తూము దగ్గరికి నడిచారు. పట్టుచీర కుచ్చెళ్ళు దోపుకుని, గట్టు మీదికి లాగి పోసిన చెత్తలోంచి ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టారు. అల్లుడు పరిగెత్తుకొచ్చి "అయ్యయ్యో, మీరేంటండీ అత్తయ్యగారూ, పరువు పోద్ది!" అన్నాడు. "ఉన్నదంతా పొద్దున్నే పోయింది బాబూ. మా వస్తువులు మేం పట్టుకెళ్తాం" అన్నారు. గట్టు మీద నవ్వు ఆగిపోయింది. వేళాకోళమాడిన ఆ ముసలావిడే వచ్చి తట్ట పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో వ్యానంతా కంపు. డ్రైవరు ముక్కు మూసుకుని గొణుగుతూనే ఉన్నాడు. ఒక తట్టలో మా పచ్చ బిందె కూడా ఉంది. ఏం చేస్తారండీ దీన్ని అని అడిగాను. "పంచాలి కదే. సారె ఒక్కళ్ళం దాచుకు తింటామా?" అన్నారు.

దీపాలు పెట్టే వేళకి తట్టల మీద కొత్త గుడ్డలు కప్పి, పసుపు చుక్కలు పెట్టి, నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చారు. నేను బొట్టు పెట్టడం, ఆవిడ తట్ట అందించడం. వీధి చివర బట్టల కొట్టువారి ఇంట్లో అమ్మగారు మురిసిపోయి, "వియ్యాలారు ఏం పెట్టేరండీ?" అన్నారు. గుడ్డ తీస్తే వాళ్ళ కొట్టు పేరున్న సంచులే, నీళ్ళు కారుతూ. పక్కింట్లో పెళ్ళినాటి ప్లాస్టిక్ గ్లాసులు. ఇంకొకరికి పట్టీ తెగిన చెప్పులు. మా ఇంటి వంతు వచ్చింది. మా అమ్మ గుడ్డ ఎత్తి బిందెని చూసింది, నల్ల మచ్చని చూసింది, తర్వాత నన్ను చూసింది. భరిణె పట్టుకుని తలుపు వెనక్కి దూరాను.

క్షణంలో వీధి గుప్పుమంది. ఒకావిడ తట్ట రోడ్డు మీద బోర్లించి, "మతి గానీ పోయిందా మీకు? శుభమా అని సారెకెళ్ళి అశుద్ధం మోసుకొస్తారా?" అని విరుచుకుపడింది. అప్పటిదాకా కంట తడి పెట్టని అత్తయ్యగారు వీధి మధ్యలో భోరుమన్నారు. "నా కూతురు తాగే నీళ్ళమ్మా అయ్యి! దాని కడుపులో బిడ్డ తాగే నీళ్ళు! చలిమిడి నేనొక్కదాన్నే పట్టుకెళ్ళేను. ఈ సారె మాత్రం మనందరం కలిసి పంపేం."

ఆ మాటతో అందరూ మారిపోయారనుకునేరు. అదేం లేదు. చాలా రోజులు ఆవిడతో మాటలే మానేశారు. పిచ్చిదన్నారు, పొగరన్నారు. మా అమ్మ మాత్రం ఆ బిందె కడిగి, మట్టి పోసి, కనకాంబరం మొక్క నాటి గుమ్మం పక్కన పెట్టింది. ఆ మర్నాటి నుంచి మా పెరటి తలుపు చెత్త కోసం తెరుచుకోలేదు. కూరల తొక్కలూ ఆకులూ కొబ్బరిచెట్టు మొదట్లో గోతిలోకి, మిగతావి గోనెసంచిలోకి. సంచి నిండాక ఏం చెయ్యాలో తెలియక అమ్మ ఎదురింటికి వెళ్ళింది. ఇద్దరూ బట్టల కొట్టువారి దగ్గరికి వెళ్ళారు. అలా నలుగురైదుగురు పోగై మునిసిపాలిటీ ఆఫీసు గుమ్మం అరిగేలా తిరిగితే, చివరికి వారానికోసారి ట్రాక్టరు రావడం మొదలైంది. చీకటి మాటున కాలువలో విసిరేవాళ్ళు అప్పుడూ విసిరారు.

మరుసటి వేసవి, కాలువ ఎండాక, అత్తయ్యగారు ఎవర్నీ పిలవకుండా తట్టతో అందులోకి దిగారు. వెనకాలే మా అమ్మ దిగింది. ఆ వెనక, తట్ట బోర్లించినావిడ సణుక్కుంటూనే దిగింది. మగవాళ్ళు వంతెన కింద చెత్త ఆగేలా వెదురు తడిక కట్టారు.

లాకులెత్తారన్న కబురు వచ్చింది మొదలు అత్తయ్యగారికి నిలకడ లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. తడిక దాకా వెళ్ళి చూసొచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు. వీధి మొత్తానికీ ఫోను బట్టల కొట్టువారింట్లోనే. అది మోగిందని కబురొస్తే ఆవిడతోపాటు ఆడవాళ్ళందరం పరిగెత్తాం. అవతల అక్క గొంతు నాకూ వినిపించింది, అంత గట్టిగా అరిచింది. "అమ్మా, ఈసారి సారె రాలేదే!" వెనకాల చంటిబిడ్డ కేరింతలు.

సారె అందలేదంటే ఏ తల్లయినా కుమిలిపోతుంది. అత్తయ్యగారు ఫోను గుండెకి ఆనించుకుని పసిపిల్లలా నవ్వారు.

ఇప్పుడు ఊరు పెరిగింది, చెత్తా పెరిగింది. నీళ్ళు వదిలిన రోజున నాకు ఇంట్లో కాలు నిలవదు. వంతెన మీదికి వెళ్ళి నిలబడి, తేలుతూ పోయేవి చూసి తిట్టుకుంటాను, ఎవరైనా విసరబోతే చెయ్యి పట్టుకుంటాను. చాదస్తం అంటారు, అననీ. నా చేతికి మాత్రం ఆనాడే అలవాటైపోయింది. ఏ చిన్న కాగితం పారేయబోయినా ఒక్క క్షణం ఆగుతుంది. కింద ఎవరింటి ఆడపిల్ల ఉందో అని.