కుట్టిన బస్తా నడుమ

మిర్చి బస్తా నడుమ ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసా? ఉప్పలయ్యకూ తెలియదు. తేడా ఒక్కటే: తెలుసనుకొని ఆయన ఎనుమాముల మార్కెట్టు వ్యాపారి కరీముద్దీన్‌కు మాటిచ్చేశాడు.

అది 1989. ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్పే ఉప్పలయ్యకు సమీకరణాలంటే ప్రేమ. వాటిని సాధించడమంటే బద్ధకం. వేడి వ్యాపించే తీరును చెప్పే పాక్షిక అవకలన సమీకరణాన్ని గళ్లకాగితం మీద గడిగడికీ లెక్కగట్టడం ఆయన దృష్టిలో కఠిన కారాగార శిక్ష. అందుకే మెదడులోని నాడీకణాల అల్లికను అనుకరిస్తూ, తప్పు దిద్దినకొద్దీ నేర్చుకునే ప్రోగ్రామొకటి కళాశాల కంప్యూటరుకు రాశాడు. దానికి చదువు చెప్పడానికి కరీముద్దీన్ బస్తాలు కొన్ని తెచ్చి, సుబేదారిలోని తన ఇంటి ముందుగదిలో పేర్చాడు. ఇల్లంతా తుమ్ములు.

మార్కా వేసి కుట్టిన బస్తాను కొన్నవాడే విప్పాలన్నది మార్కెట్టు మర్యాద. మర్యాదస్థుడు గనుక ఉప్పలయ్య థర్మామీటర్లను పైపైనే ఆనించి, ఆ అంకెలనే యంత్రానికి నేర్పాడు. అది పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన మురిసిపోయాడు.

"గోదాంల ఎప్పుడు బస్తా మీద బస్తా ఆరు వరుసలే ఏస్త సార్. ఈసారి పది ఎక్కియ్యొచ్చునా? లోపల ఉడికితే సరుకంత నల్లబడ్తది," అన్నాడు కరీముద్దీన్.

"ఎక్కియ్యి కరీం భాయ్. ఫికర్ జెయ్యకు."

హమాలీలు మర్నాడే వస్తారనగా, ఆ సాయంత్రం ఉప్పలయ్య సరదాకు యంత్రాన్ని బస్తా నడిమి సంగతి అడిగాడు. మంచుకన్నా చల్లగా ఉంటుందన్నది. ఆయన ఇంటికి తెచ్చిన కాగితం చూసి భార్య సరస్వతి పకపకా నవ్వింది.

"ఏందండీ, మిర్చిల ఐసుఫ్రూట్ దాచిపెట్టిండ్రా?"

"నడుమ సంగతి దానికి నేను చెప్పలే గద!"

"మరి కరీం భాయ్‌కి ఏం జూసి చెప్పిండ్రు?"

ఉప్పలయ్య కాగితం అందుకొని మళ్లీ చూశాడు. చుట్టూ వెచ్చగా ఉండి, చల్లార్చేదేదీ లేనప్పుడు నడుమ మాత్రం గడ్డకట్టడం ఉష్ణధర్మానికే విరుద్ధం. తాను యంత్రానికి, దొంగసాక్షికి నేర్పినట్టు, జవాబులు బట్టీ పట్టించాడే గాని, వేడి పాటించే చట్టం చెప్పలేదు. చట్టం నేర్పడానికి బస్తా విప్పనక్కరలేదు. లోపలి ప్రతి చోటా యంత్రాన్ని "వేడి ఎంత?" అని కాక, "నీ జవాబు సమీకరణానికి లోబడిందా?" అని అడగాలి; లోబడకపోతే అదీ తప్పుగానే దిద్దాలి. కానీ అలా నేర్పడానికి వారాలు పడుతుంది. బస్తాలు తెల్లారగానే ఎక్కుతాయి.

ఆయన సైకిలు బయటికి తీశాడు.

"ఇప్పుడెటు పోతాండ్రు?"

"ఎనుమాములకు. నాకింక తెల్వదని చెప్పొస్త. ఆరు వరుసలు దాటియ్యద్దని జెప్త."