కోటబొమ్మాళి పళ్ళ డాక్టరు

నా ఫోన్‌లోని నంబర్లలో సగం ఒక్క మధ్యాహ్నంలో పీకి పారేశాను. ఎవరి సలహా వినలేదు, ఎవరికీ పైసా ఇవ్వలేదు. మా వంశంలో అందరూ కొట్లు పెట్టి, చెమటోడ్చి నష్టపోయినవాళ్ళే. కుర్చీలోంచి లేవకుండా నష్టం తెచ్చుకున్న ఘనత మాత్రం నాదే.

ఆ రోజు ఒళ్ళు మండి ఉంది. విజయనగరంలో మాది కిరాణా కొట్టు. మిల్లువాడు చిరుగు బస్తా పంపితే ఫొటో తీసి వాడి మొహాన కొడదామనుకున్నాను. ఫోన్‌లో జాగా లేదని వచ్చింది. ఎదురుగా ఫోన్లు బాగుచేసే ఆయన్ని అడిగితే, "కొత్తది కొనీయండమ్మా" అన్నాడు. ఇంట్లో చెత్త పేరుకుంటే ఊడ్చుకుంటామా, కొత్త ఇల్లు కొంటామా? నాకే బేరం చెప్పొచ్చాడు!

కూర్చుని ఊడవడం మొదలుపెట్టాను. పెళ్ళికి ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోయిన బాజాల మేళం, పో. కుళాయి బాగుచేసి గోడ తడిపిన ప్లంబరు, పో. సంబంధం చెప్పి ఫొటో తిరిగివ్వని పెళ్ళిళ్ళ పేరయ్య, నువ్వూ పో. మా ఆయన పంచదార తూస్తూ, "ఒసే, ఏటే ఆ కసి? ఫోన్ని దంచుతన్నావేటి?" అన్నాడు. ఆయన నంబరు కూడా ఒక క్షణం చూశాను.

చివర్లో కోటబొమ్మాళి పళ్ళ డాక్టరు తగిలాడు. నా నోట్లో ఉన్నవన్నీ కట్టుడు పళ్ళే. ఇక నీతో నాకేం పని నాయనా, అని నవ్వుకుంటూ నొక్కాను.

కోటబొమ్మాళిలో నాకు ఏ పళ్ళ డాక్టరూ లేడు. ఆయన బెల్లం రైతు.

మా కొట్లలో సరుకిచ్చేవాడి పేరు ఎక్కడా బయట పెట్టరు. పక్క కొట్టువాడి కంట పడితే తెల్లారేసరికి వాడు ఆ రైతు వాకిట్లో ఉంటాడు. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. అందుకే నా ఫోన్‌లో మినుముల ఆయన టైలరు, చింతపండు ఆవిడ బడి పంతులమ్మ. పక్క కొట్టువాణ్ణి మోసం చేద్దామని పెట్టిన మారుపేరుకి నేనే మోసపోయాను.

ఈ సంగతి గుర్తొచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఏటా తొలకరికి ముందే ఆయనకి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా బెల్లం దిమ్మలు నాకోసం గదిలో ఊక కప్పి ఉంచుతాడు. వాన చెమ్మ తగిలిందంటే అవి నీరు కారిపోతాయి, ఆయన ఏడాది కష్టమూ కారిపోతుంది. ఏడాదికొక్క ఫోన్ కాబట్టి పాత కాల్స్‌లో కూడా ఆ నంబరు లేదు.

ఎదురు ఫోన్ల కొట్టాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఫోన్ తిరగేసి పెదవి విరిచాడు.

"రాదమ్మా. అయినా నంబర్లెందుకు పీకేసినారు? ఆటికి సోటెంత కావాల? మీ ఫోన్ని నింపేసినాది ఈ గుడ్మార్నింగు బొమ్మలు!"

గులాబీలు, దీపాలు, సూర్యోదయాలు. అన్నీ మా ఆడపడుచు పంపినవే. ఆవిడ నంబరు మాత్రం భద్రంగా ఉంది.

"రైలెక్కి ఎల్లిపో" అన్నాడు మా ఆయన.

"నేనా? కొనేవాళ్ళు వాకిట్లోకి నడిచి వెళ్తే ధర ఆకాశంలో ఉంటుంది. గరజు అమ్ముకునేవాడిది, అవసరమైతే ఆయనే చేస్తాడు."

చేయలేదు. రోజూ ఫోన్ కేసి చూడటం, ఆయన్ని తిట్టుకోవడం. ఎంత పొగరు! ఎన్నేళ్ళుగా కొంటున్నాను, ఒక్క ఫోన్ చేస్తే అరిగిపోతాడా? ఈలోగా వాన వచ్చింది, వచ్చి వదల్లేదు. మూడో రోజు తిట్లు నోట్లోనే పెట్టుకుని రైలెక్కాను.

రైతు తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"వచ్చినావా సావుకారమ్మా? బెల్లం కొనడానికొచ్చినావా, తాగడానికొచ్చినావా?"

గది తలుపు తీశాడు. కింది వరస దిమ్మలు కూలబడి, ఊకంతా నల్లటి పాకంలో తడిసి ముద్దయింది. గోడ వారగా చీమలు.

"ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?" అని అరిచాను.

"నానెందుకు సేత్తాను? ముందు ఫోన్ సేసినోడిదే గరజని నువ్వే కాదేటి సెప్పినావు? నువ్వు సేస్తావు, సేస్తావు అని ఇద్దరు బేరగాళ్ళని ఎనక్కి పంపీసినాను. ఊల్లో నన్ను ఎర్రోణ్ణి సేసినావు."

అవును, చెప్పాను. ఒకసారి ఆయనే ముందుగా ఫోన్ చేస్తే ఆ ముక్క చెప్పే ధర తగ్గించాను. ఇంటికొచ్చి మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

జరిగింది చెప్పాను. పళ్ళ డాక్టరని విన్నాక ఆయన నా నోటి కేసి చూశాడు. "అయితే పీకాల్సిన పళ్ళు ఇంకా ఉన్నాయి నీకు" అన్నాడు. నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

తిరుగు రైల్లో కోపం ఎవరి మీద దించాలా అని చీపురుపల్లి దాకా వెతికాను. ఆడపడుచుకి సగం అంటగట్టబోయాను, కుదరలేదు. కాబట్టి బిల్లు ఇది. గట్టి దిమ్మలకి ఆయన చెప్పిన ధర, బేరం లేకుండా. కరిగిపోయినదానికీ అదే ధర. ఆయన సగం చాలన్నా నేనే ఇచ్చాను. జన్మలో మొదటిసారి పైకి బేరమాడాను. రైలు, ఆటో ఖర్చు నాది. ఆయన నంబరు మళ్ళీ ఎక్కించుకున్నాను, ఆయన సొంత పేరుతో. పక్క కొట్టువాడు చూస్తే చూడనీ. ఫోన్‌లో మిగిలిన జాగా: ఏమీ లేదు.